తెల్ల ఎలుకలకి హ్యామ్‌స్టర్ సెట్టు: ఏది ఉంచాలి, ఏది పారెయ్యాలి

విజయవాడలో గానీ గుంటూరులో గానీ పెంపుడు జంతువుల షాపుకెళ్ళి తెల్ల ఎలుకలు కావాలంటే, ఎలుకలతో పాటు ఒక సెట్టు కూడా చేతిలో పెడతారు. కింద గులాబీరంగో నీలంరంగో ప్లాస్టిక్ ట్రే, పైన సన్నతీగల కేజ్, మధ్యలో ఒక అంతస్తు, దానికో నిచ్చెన, అరచేయంత చక్రం, వేలెడు నీళ్ళ సీసా, గిన్నె, బుల్లి ఇల్లు. చాలావాటి మీద బ్రాండు పేరే ఉండదు. అట్టపెట్టె మీద మాత్రం బుగ్గలు నింపుకున్న హ్యామ్‌స్టర్ (ఎలుకలాంటిదే, పొట్టితోక పెంపుడు జంతువు) బొమ్మ ఉంటుంది. అసలు తిరకాసంతా ఆ బొమ్మలోనే ఉంది. ఈ సెట్టు హ్యామ్‌స్టర్‌ని దృష్టిలో పెట్టుకుని చేసింది (దానికీ చాలదు, అది వేరే సంగతి). మనం తెచ్చుకునే తెల్ల ఎలుక చిట్టెలుక, దాని శరీరం వేరు, అలవాట్లు వేరు. అందుకే సెట్టు మొత్తానికి 5కి 2 మార్కులు. ఆ రెండూ ఎందుకొచ్చాయో, పోయిన మూడింటి బదులు ఏం కొనుక్కోవాలో వరసగా చూద్దాం.

ముందు కేజ్. ఎక్కువగా అమ్మే సైజు సుమారు 30 సెంటీమీటర్ల పొడవు, 23 వెడల్పు. లెక్కేస్తే 700 చదరపు సెంటీమీటర్లు కూడా లేదు. మూడు ఆడ ఎలుకలకి కనీసం 60 బై 30 నేల ఉండాలి, 60 బై 40 అయితే ఇంకా మంచిది. పైన అంతస్తు ఉందిగా అంటారు షాపువాళ్ళు. ఆ అంతస్తు పళ్ళెమంత. అక్కడ ఎలుక కూర్చోగలదు, పరిగెత్తలేదు.

స్థలం ఒక్కటే అయితే సర్దుకోవచ్చనుకుందాం, తీగల సందు మాత్రం సర్దుకునే విషయం కాదు. షాపులోనే ఒక మామూలు పెన్సిల్ అడిగి తీగల మధ్య దూర్చి చూడండి. హ్యామ్‌స్టర్ కేజ్‌లో సందు సెంటీమీటరు దాకా ఉంటుంది, పెన్సిల్ సులువుగా పోతుంది. తల పట్టిన సందులోంచి ఎలుక ఒళ్ళంతా పట్టించేస్తుంది. నాలుగైదు వారాల పిల్లకైతే ఆ సందు సింహద్వారమే. పొద్దున లేచేసరికి కేజ్ తలుపు వేసే ఉంటుంది, గడియ పెట్టే ఉంటుంది, లోపల ఎవరూ ఉండరు. సందు 6 మిల్లీమీటర్లకి మించకూడదు. కేజ్‌కి 5కి 1.

చక్రం ఇంకా ప్రమాదం. సెట్టులో వచ్చేది 10 నుంచి 12 సెంటీమీటర్ల అడ్డకొలత, మెట్లలాగా తీగలున్న రకం. చిట్టెలుక తోక దాదాపు ఒంటి పొడుగంత ఉంటుంది, పరిగెత్తేటప్పుడు వెనక్కి చాపుకుంటుంది. చక్రం చిన్నదైతే నడుము పైకి విల్లులా వంగిపోతుంది. తీగల మధ్య కాలు ఇరుక్కుంటే విరుగుతుంది, తోక ఇరుక్కుంటే చర్మం ఊడొస్తుంది. కావలసింది 16 సెంటీమీటర్లకి తగ్గకుండా, దొరికితే 20 ఉన్న, పరిగెత్తే చోటు గట్టిపలకలా ఉన్న చక్రం. ఎలుక పరిగెత్తేటప్పుడు పక్కనుంచి చూడండి, వీపు తిన్నగా ఉంటే సైజు సరిపోయినట్టు. కిర్రుకిర్రుమంటుంటే ఇరుసుకి వంటనూనె ఒక చుక్క చాలు, కుట్టుమిషను నూనె వాడొద్దు, ఎలుక నాకుతుంది. సెట్టులో వచ్చిన చక్రం సున్నా, తిన్నగా చెత్తబుట్టలోకే.

నీళ్ళ సీసా పనికొస్తుంది. రెండు మార్కుల్లో ఒకటి దీనిదే. అయితే లోపల పెట్టేముందు పరీక్ష చెయ్యాలి: నింపి, తలకిందులుగా కాగితం మీద 15 నిమిషాలు వేలాడదీయండి. మొదట నాలుగైదు చుక్కలు పడి ఆగిపోతే మంచి సీసా. ఆగకుండా కారుతుంటే మూతలోని రబ్బరు వాషరు వంకరగా కూర్చుందన్నమాట, తీసి మళ్ళీ బిగించండి. మూతి దగ్గరి గోళీని రోజూ వేలితో ఒకసారి నొక్కి చూడాలి. సీసా నిండుగా కనబడుతుంది, గోళీ ఇరుక్కుపోయి చుక్క రాదు, ఎలుక దాహంతో పోతుంది. బోరు నీళ్ళు పోస్తే ఉప్పు పట్టి ఇలా త్వరగా బిగుసుకుంటుంది. వారానికోసారి మూతిని వెనిగర్‌లో నానబెట్టి కడిగితే వదులుతుంది. ఒక ఎలుక రోజుకి తాగేది 4 నుంచి 7 మిల్లీలీటర్లే, అయినా రెండు సీసాలు పెట్టుకోవడం మేలు. ఒకటి మొరాయిస్తే ఇంకోటి ఉంటుంది.

గిన్నె ఫరవాలేదు. నిచ్చెన అలంకారం. కొన్ని సెట్లలో స్నానం ఇసుక పొట్లం కూడా ఉంటుంది, అది హ్యామ్‌స్టర్లకి, ఎలుకలకి అక్కర్లేదు. మెత్తటి దూది ఉండ ఇస్తే మాత్రం ఇంటికి తీసుకురాకండి. గూడు కట్టుకుంటుందని అమ్ముతారు గానీ, ఆ పోగులు కాలికి దారంలా చుట్టుకుని రక్తం ఆడకుండా బిగుస్తాయి, మింగితే పేగుల్లో ముద్దకడతాయి. కొబ్బరి పీచు పొడుగు పోగులతోనూ అదే బాధ. వాసన లేని టిష్యూ కాగితాన్ని పట్టీలుగా చింపి వెయ్యండి, తెల్లారేసరికి చక్కటి గిన్నెలాంటి గూడు అల్లేస్తాయి.

మరి కేజ్ బదులు ఏమిటి? ప్లాస్టిక్ స్టోరేజ్ డబ్బా. మూత రెండువైపులా గడియతో బిగిసేది, పొడవు 60 సెంటీమీటర్లు ఉన్నది తీసుకోండి. విజయవాడ వన్‌టౌన్ ప్లాస్టిక్ సామాను షాపుల్లో దొరుకుతుంది. గోడని బొటనవేలితో నొక్కితే కొంచెం వంగాలి. గాజులా బిర్రుగా ఉండేదైతే కోసేటప్పుడు పగులుతుంది. దానికి పావు అంగుళం కన్ను ఉన్న ఇనుప వెల్డ్ మెష్ కావాలి. ఆటోనగర్‌లోనో దగ్గర్లోని హార్డ్‌వేర్ షాపులోనో మీటరు లెక్కన కోసిస్తారు. దోమల జాలీతో సరిపెట్టాలని చూడొద్దు, నైలాన్‌ది ఒక్క రాత్రిలో కొరికేస్తాయి, అల్యూమినియంది రెండు మూడు రాత్రులు పట్టొచ్చు, అంతే తేడా.

మూతలో అంచుకి నాలుగు వేళ్ళు వదిలి మధ్యభాగమంతా కోసెయ్యండి. పక్కగోడలో కూడా పైభాగాన ఒక కిటికీ కొయ్యండి. మూతలో ఒక్కటే సరిపెడితే మన ఉక్కపోతకి లోపలి గాలి కదలదు, మూత్రం నుంచి అమ్మోనియా పేరుకుంటుంది, ఎలుకకి ముందు దెబ్బతినేది ఊపిరితిత్తులే. సోల్డరింగ్ ఐరన్‌తో కోస్తే పని సులువు, కాకపోతే ఆ పొగ పీల్చకుండా డాబా మీద చేసుకోవాలి. మెష్‌ని కిటికీ కంటే నాలుగువైపులా 2 సెంటీమీటర్లు పెద్దగా కత్తిరించి, కొసలు మడిచి, డబ్బా లోపలివైపు నుంచి బిగించండి. బయటినుంచి బిగిస్తే కోసిన ప్లాస్టిక్ అంచు ఎలుక పళ్ళకి అందుతుంది, అక్కణ్ణించి కొరకడం మొదలుపెడుతుంది. చిన్న నట్లు, బోల్టులు, వెడల్పు వాషర్లు వాడండి, ప్లాస్టిక్ ట్యాగులు వద్దు, కొరికేస్తాయి. కొత్త మెష్ మీద తెల్లటి పొడి ఉంటుంది, జింకుది. బిగించేముందు వెనిగర్ కలిపిన నీళ్ళతో తోమి, కడిగి, ఎండలో ఆరబెట్టండి. డబ్బాకి 5కి 4న్నర. అర మార్కు చూపుకి తగ్గించాం, కేజ్ ఉన్నంత అందంగా ఉండదు, ఒప్పుకోవాలి.

డబ్బాతో ఇంకో లాభం లోతు. ఎలుక తవ్వే జంతువు, కింద కనీసం 8 నుంచి 10 సెంటీమీటర్ల మందాన పొట్టు ఉండాలి. సెట్టులోని ట్రే అంచు మూడు నాలుగు సెంటీమీటర్లే, పది సెంటీమీటర్లు పోస్తే తెల్లారేసరికి సగం మీ గచ్చు మీద ఉంటుంది.

ఏ పొట్టు అన్నది దగ్గర చాలామంది పొరబడతారు. వడ్రంగి దగ్గర ఊరికే వచ్చే రంపపు పొట్టు వద్దు. అది పిండిలా ఉంటుంది, ముక్కుల్లోకి పోతుంది. పైగా టేకుదో వేపదో ఇంకేం చెక్కదో, దానికి పూసిన పాలిష్ ఏమిటో ఎవరికీ తెలీదు. చిత్రిక పట్టిన పొట్టు చుట్టలు చుట్టలుగా ఉంటుంది, దుమ్ము తక్కువ, కానీ పైన్, దేవదారు చెక్కవి అయితే ఘాటువాసన వచ్చే పదార్థాలు ఎలుక ఊపిరితిత్తులకీ కాలేయానికీ చెరుపు. షాపులో ప్యాకెట్టు మీద ఆస్పెన్ (ఆ ఘాటు లేని ఒక చెక్క) అని ఉంటే తీసుకోండి. లేకపోతే పేపరు పొట్టే నయం: రంగులు లేని తెల్లకాగితాన్ని ఆఫీసు ష్రెడర్‌లో వేసి, దానిలో అట్టపెట్టె ముక్కలు కలిపితే సొరంగం కూలిపోకుండా నిలబడుతుంది. ఊక చవగ్గా దొరుకుతుంది గానీ కొసలు గుచ్చుకుంటాయి, దుమ్ము ఎక్కువ. వారానికోసారి మార్చేటప్పుడు మొత్తం ఊడ్చెయ్యకండి. గూటి దగ్గరి పాత పొట్టు ఒక గుప్పెడు కొత్తదానిలో కలపాలి. తమ వాసన పూర్తిగా పోతే ఎలుకలు కంగారుపడి ఇంకా ఎక్కువ మూత్రం చల్లుతాయి, మీరేమో కంపు పోలేదని ఇంకా ఎక్కువ కడుగుతారు. ఫినాయిలు డబ్బా దగ్గరికే తేవద్దు. వేడినీళ్ళు, గిన్నెల సబ్బు, చివర్లో వెనిగర్ చాలు.

మేత ప్యాకెట్టుకి 5కి 2. రంగురంగుల హ్యామ్‌స్టర్ మిక్స్‌లో పొద్దుతిరుగుడు గింజలు మరీ ఎక్కువ. ఎలుకలు వాటిని ఏరుకు తిని, అసలు బలముండే గోధుమరంగు బిళ్ళల్ని వదిలేస్తాయి. మీరు గిన్నె చూసి ఇంకా మేత ఉంది కదా అనుకుంటారు. ఎలుకలకని చేసిన పెల్లెట్లు దొరికితే, మాంసకృత్తులు 14 నుంచి 18 శాతం ఉన్నవి చూసి, అవే ప్రధానం చెయ్యండి. వాటికి తోడు కొర్రలు, సామలు, జొన్నలు, ఓట్స్ కిరాణా కొట్లోనే దొరుకుతాయి. ఒక్కో ఎలుక రోజుకి 4 నుంచి 5 గ్రాములు తింటుంది, మూడింటికి ఒక పెద్ద చెంచా. గిన్నెలో కాకుండా పొట్టులో చల్లితే వెతుక్కుంటూ రాత్రంతా పని దొరుకుతుంది. వారానికి రెండుసార్లు ఉడికిన గుడ్డు గోరంత, కీరా, క్యారెట్, బీరకాయ ముక్క వేలిగోరంత. తడివి ఏవైనా పొద్దున్నే తీసెయ్యాలి, లేకపోతే చీమలు బారులు కడతాయి. చీమలు పట్టాయని డబ్బా చుట్టూ చీమల సుద్ద గీస్తారు, అది పురుగుమందే. డబ్బాని స్టూలు మీద పెట్టి, స్టూలు కాళ్ళు నీళ్ళ గిన్నెల్లో ఉంచండి. ఇంట్లో పెద్దవాళ్ళు వినాయకుడి వాహనం కదా అని ఉండ్రాళ్ళూ బెల్లంముక్కా పెట్టబోతారు, చవితి రోజు కూడా వద్దని చెప్పాల్సిందే. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, మిక్స్చరు, బూజువాసన వచ్చే వేరుశనగ అసలే కూడదు.

ఇక సెట్టుతో పాటు వచ్చే ఎలుకల సంగతి. పెట్‌షాపులు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ చేసుకోవాలని 2018 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి, ఆ పత్రం చూపించమని అడగడానికి మొహమాటం అక్కర్లేదు. షాపు తొట్టిలో ఆడా మగా కలిసే ఉంటాయి. ఐదారు వారాలకే ఎలుక ఈడుకొస్తుంది, చూలు 19 నుంచి 21 రోజులు, ఈతకి ఆరు నుంచి పది పిల్లలు మామూలే, ఈనిన రోజే మళ్ళీ చూలు కట్టగలదు. అంటే ఆ తొట్టిలోంచి తెచ్చిన ఎదిగిన ఆడ ఎలుకల్లో ఏదైనా ఇప్పటికే చూలుతో ఉందనే అనుకోవాలి. ఇంటికొచ్చిన రోజు క్యాలెండర్ మీద రాసి మూడు వారాలు లెక్కపెట్టండి. ఆ తేదీ దాటితే గండం గడిచినట్టు. పిల్లలు పుడితే గూడు కదపొద్దు, నాలుగు వారాలకి మగపిల్లల్ని వేరు చెయ్యండి. ఇలా అనుకోకుండా పుట్టిన పిల్లల్ని ఊరికే ఇచ్చేవాళ్ళు రెండు ఊళ్ళలోనూ ఉంటారు. షాపు కంటే అక్కణ్ణించి తెచ్చుకోవడమే మేలు: వయసు తెలుస్తుంది, చేతికి అలవాటుపడి ఉంటాయి.

ఆడవి మూడు తీసుకోండి. ఒక్కటే ఉంటే బెంగపెట్టుకుంటుంది, మగవి రెండు కలిపితే రక్తం వచ్చేలా కొట్టుకుంటాయి, మగదాని మూత్రం కంపు కూడా ఎక్కువ. ఆడా మగా తేల్చడానికి షాపువాళ్ళ మాట కాదు, మీ కళ్ళు కావాలి. ఎలుకని అరచేతిలో నిలబెట్టి, తోక మొదలు దగ్గర కాస్త ఎత్తి చూడండి. మూత్రద్వారానికీ మలద్వారానికీ మధ్య దూరం మగదానిలో ఆడదానికి దాదాపు రెట్టింపు, అక్కడ వెంట్రుకలు ఉంటాయి. ఆడదానిలో దగ్గరగా, నున్నగా ఉంటుంది, పొట్టమీద ఐదు జతల చనుమొనలు కనిపిస్తాయి. ఒక్కదాన్నే చూస్తే తికమక, రెండింటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఇట్టే తెలుస్తుంది. వృషణాలు కనబడలేదని ఆడదనుకోకండి, భయపడితే లోపలికి లాగేసుకుంటుంది.

తెల్ల పెద్ద ఎలుక పిల్లల్ని కూడా చిట్టెలుకలనే చెప్పి అమ్మడం కద్దు. పాదాలు ఒంటికి మించి పెద్దగా, తోక మొదలు లావుగా, మూతి మొద్దుగా ఉంటే అది పెద్ద ఎలుక పిల్ల. చిట్టెలుక ఎదిగాక 20 నుంచి 40 గ్రాములు, ఇదేమో మూణ్ణెల్లకి పావుకిలోకి చేరుతుంది. ఆరోగ్యం చూడటానికి చెవి దగ్గర పెట్టుకుని వినండి. ఊపిరిలో టిక్ టిక్ మని చప్పుడొస్తే వద్దు. తల ఒకపక్కకి వాలినా, ముక్కు చుట్టూ ఎర్రటి చార ఉన్నా, వెనకభాగం తడిగా ఉన్నా అంతే సంగతులు. దాన్నే కాదు, ఆ తొట్టిలోంచి దేన్నీ తీసుకోవద్దు.

తీసుకొచ్చేది పొద్దున్నే గానీ సాయంత్రం గానీ. గుంటూరు నుంచి విజయవాడకి 35 కిలోమీటర్ల దాకా ఉంటుంది, స్కూటరు డిక్కీలో పెడితే ఎండకి ఆ దారిలోనే ఉడికిపోతాయి. చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో, పాత పొట్టు గుప్పెడు వేసి, నీళ్ళ బదులు కీరాముక్క పెట్టి, ఒళ్ళో పెట్టుకుని రండి. ఇంటికొచ్చాక ఒకటి రెండు రోజులు చెయ్యి పెట్టకండి, మేతా నీళ్ళూ తప్ప. కొత్త వాసనలకి మొదటి రెండు మూడు రోజులు తుమ్మడం మామూలే, వారం దాటితే డాక్టరుకి చూపించాలి. తర్వాత పొద్దుతిరుగుడు గింజ వేళ్ళ మధ్య పెట్టి, కదలకుండా ఉంచండి. తోక పట్టి ఎత్తొద్దు. తోక పట్టి ఎత్తిన ఎలుకలు మనిషికి బెదురుతాయనీ, గొట్టంలోకి ఎక్కించి గానీ దోసిట్లో గానీ ఎత్తితే బెరుకు తగ్గుతుందనీ లివర్‌పూల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2010లో చూపించారు. టిష్యూ చుట్ట మధ్యలో ఉండే అట్టగొట్టం దీనికి సరిగ్గా సరిపోతుంది. ఎలుక లోపలికి దూరాక రెండు చివర్లూ అరచేతులతో మూసి ఎత్తండి. ఇంట్లో గర్భిణులుంటే పొట్టు మార్చే పని వాళ్ళకి పెట్టకండి, ఎలుకల నుంచి కడుపులో బిడ్డకి చేటుచేసే వైరస్ సోకే వీలుంది. పెరట్లో తిరిగే ఊరెలుకలు డబ్బా దగ్గరికి రాకుండా చూడటం కూడా అందుకే.

ఈ రెండు ఊళ్ళలో అన్నిటికంటే పెద్ద పరీక్ష మే నెల. ఎలుకకి 20 నుంచి 26 డిగ్రీలు హాయి, 30 దాటితే ఇబ్బంది, మన దగ్గర 44 చూస్తున్నాం. ఎలుకకి ఒళ్ళంతా చెమట పట్టదు, ఉమ్ము ఒంటికి రాసుకుంటుంది. గడ్డం కింద వెంట్రుకలు తడిసి, ఒళ్ళు పరిచేసి, డొక్కలు ఎగరేస్తుంటే వడదెబ్బ. వెంటనే చల్లటి గదిలోకి మార్చి, మామూలు చల్లనీళ్ళతో తడిపిన గుడ్డ పాదాలకీ తోకకీ అద్ది, డాక్టరుని అడగండి. ఐసునీళ్ళు పొయ్యకండి. డబ్బాని డాబా కింది గదిలోంచి ముందే కింది అంతస్తుకి దించాలి. మట్టిముంత పక్కకి పడుకోబెట్టి పెడితే మధ్యాహ్నమంతా అందులోనే ఉంటాయి, పాత గచ్చుపలక ఒకటి పెట్టినా దానిమీద పొట్ట ఆనించుకుంటాయి. ఐసుగడ్డ కట్టిన నీళ్ళసీసాకి గుడ్డ చుట్టి డబ్బా గోడకి బయట ఆనించండి, కరెంటు పోయినప్పుడు ఇదే దిక్కు. కూలరు గాలి నేరుగా తగలకూడదు.

అదే నెలలో ఆవకాయ కారం కూడా. మిల్లుకి పంపకుండా ఇంట్లోనే దంచే ఆచారం ఉంటే ఆ రోజు డబ్బాని చుట్టాలింటికి పంపెయ్యడమే మంచిది. మనం రెండు తుమ్ములతో తేలిపోతాం, వాటి ఊపిరితిత్తులు మాత్రం మళ్ళీ కోలుకోకపోవచ్చు. గుంటూరులో మిర్చియార్డు వైపు ఇళ్ళవాళ్ళు సీజన్లో కిటికీలు మూసుకుంటారుగా, డబ్బాని ఆ కిటికీ దగ్గర మాత్రం పెట్టొద్దు. దోమలచుట్ట, సాంబ్రాణి, అగరుబత్తి పొగ కూడా ఆ గదిలో వద్దు.

డాక్టరుని ఎలుకలు రాకముందే వెతుక్కోండి. కుక్కలు చూసే డాక్టర్లందరూ 30 గ్రాముల ప్రాణికి మందు మోతాదు కట్టరు. ఫోను చేసి, చిన్న ఎలుకలని చూస్తారా అని సూటిగా అడగండి. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, దాన్నీ దృష్టిలో పెట్టుకోండి. డాక్టరు ముందు అడిగేది బరువు. దానికి వంటింటి డిజిటల్ కాటా ఒకటి కావాలి. వారం వారం రాసుకుంటూ ఉంటే, పైకి ఏమీ కనబడకముందే రెండు మూడు గ్రాములు తగ్గడం తెలుస్తుంది. ఎలుక కాటా మీద నిలవదు కాబట్టి సెట్టులోని ఆ బుల్లి ప్లాస్టిక్ ఇల్లు ఇక్కడ అక్కరకొస్తుంది. పడుకోవడానికి అది వేసవిలో కుంపటి, కానీ కాటా మీద పెట్టి సున్నా నొక్కి, లోపల ఒక గింజ వేస్తే ఎలుక దానంతటదే దూరుతుంది. రెండో మార్కు దానికే.